బ్రేక్‌పాయింట్ దగ్గర ఆగిన ప్రోగ్రామ్‌ని డీబగ్గర్ మళ్లీ ఎలా కదిలిస్తుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: లినక్స్‌లో, 64 బిట్ ఇంటెల్ మెషీన్ మీద, పీట్రేస్ (ఒక ప్రాసెస్ ఇంకో ప్రాసెస్‌ని ఆపి, చదివి, మార్చడానికి వాడే సిస్టమ్ కాల్) వాడి సీ భాషలో సొంతంగా చిన్న డీబగ్గర్ రాస్తున్నారు. బ్రేక్‌పాయింట్ (ప్రోగ్రామ్ ఆగాలని మీరు గుర్తుపెట్టిన చోటు) పడుతోంది, ప్రోగ్రామ్ అక్కడ ఆగుతోంది. కంటిన్యూ కొట్టాక మాత్రం ఒక్కోసారి వెంటనే సెగ్మెంటేషన్ ఫాల్ట్ (ముట్టుకోకూడని మెమరీ ముట్టుకుని క్రాష్ అవడం), ఒక్కోసారి ఫంక్షన్ అంతా చక్కగా నడిచి చివర్లో సెగ్మెంటేషన్ ఫాల్ట్, మీ ఫ్రెండ్ ఉబుంటు లాప్‌టాప్‌లో అయితే అసలు ఏ గొడవా లేదు. దాంతోపాటు జీడీబీ అనే డీబగ్గర్‌లో నెక్స్ట్ (ఒక లైన్ దాటించేది), ఫినిష్ (ఫంక్షన్ ముగిసేదాకా నడిపేది) లోపల ఎలా పనిచేస్తాయని కూడా అడిగారు.

ఈ మూడు రకాల ఫలితాలకీ కారణం ఒక్కటే. "ఈ నాలుగు లైన్లు కలపండి" అని చెప్పి వదిలేయొచ్చు గానీ, అలా చేస్తే రేపు సిగ్నల్ దగ్గరో, థ్రెడ్ల దగ్గరో, ఫోర్క్ దగ్గరో మళ్లీ ఇరుక్కుంటారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి. మీ ప్రోగ్రామ్‌ని డీబగ్గర్ నడపదు. నడిపేది ప్రాసెసర్, నడవనిచ్చేది కర్నెల్, డీబగ్గర్ ఇంకో మామూలు ప్రాసెస్ అంతే. అవతలి ప్రోగ్రామ్ ఆగి ఉన్నప్పుడు దాని రిజిస్టర్లు, మెమరీ చదవగలదు, మార్చగలదు, ఆ తర్వాత కర్నెల్‌తో "ఇక వదులు" అని చెప్పగలదు. ఆ వదలడం కూడా ముఖ్యంగా రెండు రకాలే: ఏదో ఒకటి ఆపేదాకా పోనివ్వడం, లేదా ఒకే ఒక్క ఇన్‌స్ట్రక్షన్ నడిపించి ఆపేయడం. (సిస్టమ్ కాల్ దగ్గర ఆపే రకం ఇంకొకటి ఉంది, సిస్టమ్ కాల్స్ చూపించే ఎస్‌ట్రేస్ దాని మీదే ఆధారపడుతుంది, మీకిప్పుడు దాంతో పనిలేదు.) నెక్స్ట్, ఫినిష్, అంటిల్, అడ్వాన్స్ అన్నీ ఆ రెండింటితో అల్లినవే. కాబట్టి వదిలే ప్రతిసారీ డీబగ్గర్ మూడు విషయాలు తేల్చుకోవాలి: ఎక్కడి నుంచి నడవాలి, ఏ సిగ్నల్ ఇచ్చి పంపాలి, ఏయే థ్రెడ్లు కదలాలి. మీ కోడ్‌లో తప్పింది మొదటిదే.

బైట్ల స్థాయిలో చూద్దాం. ఆప్టిమైజేషన్ లేకుండా కంపైల్ చేసిన మామూలు ఫంక్షన్ 401136 అనే అడ్రస్‌లో మొదలైందనుకోండి (ఇక్కడి అడ్రస్‌లు, బైట్లు అన్నీ హెక్సాడెసిమల్‌లో). మొదటి బైట్ 55, అంటే పాత ఆర్‌బీపీని (ప్రస్తుత ఫంక్షన్ స్టాక్ ఫ్రేమ్‌ని చూపించే రిజిస్టర్) స్టాక్ మీదికి పుష్ చేయడం. తర్వాతి మూడు బైట్లు 48 89 ఈ5, అంటే ఆర్‌ఎస్‌పీ (స్టాక్ కొసని చూపించే రిజిస్టర్) విలువని ఆర్‌బీపీలోకి కాపీ చేయడం. మీరు 401136 దగ్గర బ్రేక్‌పాయింట్ పెట్టినప్పుడు ఆ 55 పోయి సీసీ వచ్చింది. సీసీ అంటే ఇంట్ 3 ఇన్‌స్ట్రక్షన్, ఒకే బైట్ ఉంటుంది, అందుకే ఎంత చిన్న ఇన్‌స్ట్రక్షన్ మీదైనా సరిపోతుంది. ప్రాసెసర్ దాన్ని నడిపి ట్రాప్ లేపింది, కర్నెల్ సిగ్‌ట్రాప్ అనే సిగ్నల్‌తో ప్రాసెస్‌ని ఆపింది, అది ఆగేదాకా ఎదురుచూస్తున్న మీ వెయిట్‌పిడ్ కాల్ వెనక్కి వచ్చింది. ఇప్పుడు ఆర్‌ఐపీ (తర్వాత నడవాల్సిన ఇన్‌స్ట్రక్షన్ అడ్రస్ ఉండే రిజిస్టర్) ఎక్కడుంది? 401136లో కాదు, 401137లో. ఇంట్ 3 కూడా ఒక ఇన్‌స్ట్రక్షనే కాబట్టి, అది పూర్తయ్యాక ఆర్‌ఐపీ దాని తర్వాతి బైట్‌కి జరిగింది.

మీరు ఇక్కడ నేరుగా కంటిన్యూ చేస్తున్నారు. అంటే పుష్ అసలు జరగలేదు. ఫంక్షన్ ఒళ్లంతా బాగానే నడుస్తుంది, ఎందుకంటే ఆర్‌బీపీ, ఆర్‌ఎస్‌పీ రెండూ ఎనిమిది బైట్ల తేడాతో అయినా ఒకదానికొకటి సరిపోయే ఉంటాయి. చివర్లో పాప్ జరిగినప్పుడు మాత్రం పాత ఆర్‌బీపీ ఉండాల్సిన చోట రిటర్న్ అడ్రస్ ఉంది, అది ఆర్‌బీపీలోకి పోయింది, ఆ తర్వాత రిటర్న్ ఇన్‌స్ట్రక్షన్ స్టాక్ మీద ఆ పైన ఏముంటే దాన్నే అడ్రస్ అనుకుని దూకింది. అదీ మీ "చివర్లో పోవడం". అసలు కారణానికీ క్రాష్ అయిన చోటికీ మధ్య మొత్తం ఫంక్షన్ ఉంది కాబట్టి బ్యాక్‌ట్రేస్ చూసినా అర్థంకాదు.

ఇప్పుడు బ్రేక్‌పాయింట్ 401137 దగ్గర పెడితే? 48 స్థానంలో సీసీ, ఆగాక ఆర్‌ఐపీ 401138, అక్కడున్నవి 89 ఈ5. ఇవి చెల్లని బైట్లు కావు, అదే ఇన్‌స్ట్రక్షన్‌కి 32 బిట్ రూపం: ఈఎస్‌పీని ఈబీపీలోకి కాపీ. 64 బిట్ మోడ్‌లో 32 బిట్ రిజిస్టర్‌లో రాస్తే పై సగం సున్నా అయిపోతుంది. స్టాక్ అడ్రస్ పై సగం ఎగిరిపోయిన ఆర్‌బీపీతో తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ ఏదో లోకల్ వేరియబుల్ ముట్టుకోగానే సెగ్మెంటేషన్ ఫాల్ట్. అదీ మీ "వెంటనే పోవడం".

ఉబుంటు సంగతి ఇంకా ఆసక్తికరం. అక్కడి జీసీసీ ఫంక్షన్ మొదట్లో డిఫాల్ట్‌గా ఎండ్‌బీఆర్64 అనే ఇన్‌స్ట్రక్షన్ పెడుతుంది, బైట్లు ఎఫ్3 0ఎఫ్ 1ఈ ఎఫ్ఏ. మొదటి ఎఫ్3 మీద సీసీ పడి, మీరు దాన్ని దాటి నడిపించినా, మిగిలిన 0ఎఫ్ 1ఈ ఎఫ్ఏ ఏమీ చేయని నాప్ అవుతుంది. ఫంక్షన్ మొదటి బైట్ దగ్గర బ్రేక్‌పాయింట్ పెట్టినంతకాలం అక్కడ మీ బగ్ బయటపడదు, అంతేగానీ ఆ మెషీన్‌లో మీ కోడ్ కరెక్ట్ అని కాదు.

ఇక చేయాల్సింది. ఆగగానే, ఆ సీసీ మీరు పెట్టిందేనా అని మీ పట్టికలో చూసుకోండి. మీదే అయితే ఆర్‌ఐపీని ఒకటి తగ్గించి రిజిస్టర్లు తిరిగి రాయండి. ప్రోగ్రామ్ రాసినవాళ్లే కోడ్‌లో ఇంట్ 3 పెట్టుకుని ఉంటే తగ్గించకూడదు, తగ్గిస్తే జన్మలో దాన్ని దాటలేరు. యూజర్ కంటిన్యూ అన్నప్పుడు అసలు బైట్ (మన ఉదాహరణలో 55) వెనక్కి పెట్టండి, సింగిల్‌స్టెప్ అడగండి, వెయిట్‌పిడ్‌తో అది ఆగేదాకా ఉండండి, మళ్లీ సీసీ రాయండి, అప్పుడు అసలు కంటిన్యూ ఇవ్వండి. అసలు బైట్ పెట్టడం మర్చిపోతే అదే చోట మళ్లీమళ్లీ ఆగుతుంది, సీసీ తిరిగి రాయడం మర్చిపోతే బ్రేక్‌పాయింట్ ఒక్కసారే పనిచేస్తుంది. యూజర్‌కి కనిపించే ఒక్క కంటిన్యూ వెనక వదలడం రెండుసార్లు జరుగుతోందన్నమాట.

కోడ్ పేజీ రీడ్ ఓన్లీ కదా, సీసీ ఎలా రాయగలుగుతున్నామని కొందరికి అనుమానం వస్తుంది. పీట్రేస్ ద్వారా రాస్తే కర్నెల్ ఆ పేజీకి ఈ ప్రాసెస్ వరకే ఒక సొంత కాపీ చేసి అందులో రాస్తుంది. అందుకే మీరు సీ లైబ్రరీలో బ్రేక్‌పాయింట్ పెట్టినా అదే లైబ్రరీ వాడుతున్న మిగతా ప్రోగ్రాములు ఆగిపోవు.

సింగిల్‌స్టెప్ ఎలా జరుగుతుందంటే, ఈఫ్లాగ్స్ రిజిస్టర్‌లో 8వ బిట్ ట్రాప్ ఫ్లాగ్. కర్నెల్ దాన్ని సెట్ చేసి వదులుతుంది, ప్రాసెసర్ ఒక ఇన్‌స్ట్రక్షన్ పూర్తిచేసి డీబగ్ ఎక్సెప్షన్ లేపుతుంది. మీకు ఇదీ సిగ్‌ట్రాప్‌గానే కనిపిస్తుంది. బ్రేక్‌పాయింటా, స్టెప్ అయిపోయిందా అని తేల్చుకోవడానికి పీట్రేస్‌ని గెట్‌సిగ్‌ఇన్ఫో అడిగి, సిగ్నల్ ఎందుకొచ్చిందో చెప్పే ఎస్‌ఐ కోడ్ చూడండి: స్టెప్ అయితే ట్రాప్ ట్రేస్ వస్తుంది, ఎక్స్86 లినక్స్‌లో ఇంట్ 3కి మాత్రం మీరు ఊహించే ట్రాప్ బీఆర్‌కేపీటీ బదులు ఎస్‌ఐ కర్నెల్ వస్తుంది. చాలామంది తికమకపడేది ఇక్కడే. ఇదే ప్రోగ్రామ్‌ని తర్వాత 64 బిట్ ఆర్మ్ బోర్డ్ మీదికి తీసుకెళ్తే అక్కడ బ్రేక్‌పాయింట్ బీఆర్‌కే అనే నాలుగు బైట్ల ఇన్‌స్ట్రక్షన్, ఆగినప్పుడు పీసీ (అక్కడ ఆర్‌ఐపీ లాంటిది) దాని మీదే ఉంటుంది, కాబట్టి వెనక్కి జరపకూడదు. అక్కడ ఇంకో చిక్కు కూడా ఉంది. ఎల్‌డీఎక్స్‌ఆర్ (మెమరీ చదివి ఆ చోటుని రిజర్వ్ చేసేది), ఎస్‌టీఎక్స్‌ఆర్ (ఆ రిజర్వేషన్ ఉంటేనే రాసేది) జంటతో రాసిన అటామిక్ లూప్‌లో ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ స్టెప్ చేస్తూ పోతే మధ్యలో వచ్చే ఎక్సెప్షన్ వల్ల ఆ రిజర్వేషన్ పోతుంది, స్టోర్ ప్రతిసారీ ఫెయిల్ అవుతుంది, లూప్ ఎప్పటికీ అవ్వదు. జీడీబీ అలాంటి వరసని గుర్తుపట్టి, దాని చివర బ్రేక్‌పాయింట్ పెట్టి ఒక్క ఊపున దాటిస్తుంది.

రెండో సంగతి, సిగ్నల్. కంటిన్యూకైనా సింగిల్‌స్టెప్‌కైనా చివరి ఆర్గ్యుమెంట్‌గా ఒక సిగ్నల్ నంబర్ ఇస్తారు, మీరు ఎప్పుడూ సున్నా ఇస్తున్నారు. సిగ్‌ట్రాప్‌కి అదే కరెక్ట్, అది మీ కోసం వచ్చింది, ప్రోగ్రామ్‌కి అందిస్తే చచ్చిపోతుంది. కానీ సిగ్‌అలార్మ్, సిగ్‌చైల్డ్, సిగ్‌యూజర్1 లాంటివి వచ్చి ఆగినప్పుడు కూడా సున్నా ఇస్తే ఆ సిగ్నల్‌ని మీరు మింగేసినట్టే. ప్రోగ్రామ్ తన టైమర్ మోగలేదని కూర్చుంటుంది, మీరేమో డీబగ్గర్ కింద మాత్రమే వేలాడుతోందేమిటని టెన్షన్ పడతారు. వచ్చిన నంబర్‌నే తిరిగి ఇచ్చి పంపండి. జీడీబీలో ఈ నిర్ణయాలన్నీ హ్యాండిల్ కమాండ్‌తో మార్చుకోవచ్చు, ఒక సిగ్నల్ వచ్చినా ప్రోగ్రామ్‌కి చేరకుండా కదిలించాలంటే సిగ్నల్ 0 అని కొట్టాలి. జావా వర్చువల్ మెషీన్ నల్ చెక్‌ల కోసం సిగ్‌సెగ్‌వీని తనే వాడుకుంటుంది, గో రన్‌టైమ్ 1.14 నుంచి గోరొటీన్లను మధ్యలో ఆపడానికి సిగ్‌అర్జ్ వాడుతుంది. వీటిని జీడీబీ కింద నడిపేటప్పుడు ఆ సిగ్నళ్లని ఆపకుండా, ప్రింట్ చేయకుండా, ప్రోగ్రామ్‌కి పంపేయమని ముందే చెప్పుకోకపోతే పని సాగదు.

పైన చెప్పిన స్టెప్ మధ్యలోనే సిగ్నల్ వస్తే? అసలు బైట్ పెట్టారు, సింగిల్‌స్టెప్ అడిగారు, వెయిట్‌పిడ్ సిగ్‌అలార్మ్‌తో తిరిగొచ్చింది. ఆ ఇన్‌స్ట్రక్షన్ ఇంకా నడవలేదు. మీరు చూసుకోకుండా సీసీ రాసి కంటిన్యూ చేస్తే, హ్యాండ్లర్ అయిపోయి వెనక్కి రాగానే అదే బ్రేక్‌పాయింట్ రెండోసారి తగిలినట్టు కనిపిస్తుంది. సిగ్నల్ ఇస్తూ సింగిల్‌స్టెప్ చేస్తే హ్యాండ్లర్ మొదటి ఇన్‌స్ట్రక్షన్ దగ్గర తేలతారు. మీ స్థాయి డీబగ్గర్‌కి నా సలహా: ఆ సిగ్నల్‌ని పక్కన దాచుకోండి, సున్నాతో స్టెప్ పూర్తిచేయండి, సీసీ తిరిగి రాశాక అసలు కంటిన్యూతో పాటు ఆ సిగ్నల్ ఇవ్వండి. అయితే ఆ ఇన్‌స్ట్రక్షనే తప్పుచేసి సిగ్‌సెగ్‌వీ తెచ్చిందా అన్నది వేరే కథ, అది దాచకూడదు, యూజర్‌కి చూపించాలి.

ఇప్పుడు నెక్స్ట్. కంపైలర్ రాసిన డ్వార్ఫ్ (డీబగ్ సమాచారం ఉంచే ఫార్మాట్) లైన్ టేబుల్ ద్వారా ఈ సోర్స్ లైన్ ఏ అడ్రస్ నుంచి ఏ అడ్రస్ దాకా ఉందో జీడీబీకి తెలుసు. ఆ పరిధి దాటేదాకా ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ స్టెప్ చేస్తూ పోతుంది. మధ్యలో కాల్ వచ్చి ఇంకో ఫంక్షన్‌లో అడుగుపెడితే, ఆ క్షణంలో ఆర్‌ఎస్‌పీ చూపించే ఎనిమిది బైట్లే రిటర్న్ అడ్రస్, అక్కడ ఒక తాత్కాలిక బ్రేక్‌పాయింట్ పెట్టి పూర్తిగా వదిలేస్తుంది, తిరిగొచ్చాక తీసేసి మళ్లీ స్టెప్పింగ్ మొదలుపెడుతుంది. స్టెప్ కమాండ్‌కి తేడా ఒక్కటే, లోపలికెళ్లిన ఫంక్షన్‌కి లైన్ సమాచారం ఉంటే దాని ప్రోలాగ్ (మొదట్లో స్టాక్ సర్దే ఇన్‌స్ట్రక్షన్లు) దాటాక ఆగిపోతుంది, లేకపోతే నెక్స్ట్‌లాగే దాటేస్తుంది. ఫినిష్ అయితే ప్రస్తుత ఫ్రేమ్‌ని అన్‌వైండ్ చేసి (స్టాక్ చూసి ఎవరు పిలిచారో తేల్చుకుని), పిలిచిన ఫంక్షన్‌లో తిరిగి మొదలయ్యే చోట తాత్కాలిక బ్రేక్‌పాయింట్ పెట్టి వదలడమే.

రికర్షన్ దగ్గర జాగ్రత్త. ఫ్యాక్టోరియల్ 5లో ఉండి, లోపలి ఫ్యాక్టోరియల్ 4 కాల్‌ని నెక్స్ట్‌తో దాటాలనుకున్నారు. తాత్కాలిక బ్రేక్‌పాయింట్ పెట్టిన రిటర్న్ అడ్రస్సే ఫ్యాక్టోరియల్ 3, 2, 1 తిరిగొచ్చే చోటు కూడా, ముందు తగిలేది వాళ్లే. కాబట్టి అడ్రస్ ఒక్కటీ చూస్తే చాలదు. కాల్ లోపల అడుగుపెట్టినప్పటి ఆర్‌ఎస్‌పీని గుర్తుపెట్టుకుని, తగిలినప్పుడు ఆర్‌ఎస్‌పీ దానికంటే సరిగ్గా ఎనిమిది ఎక్కువ ఉందో లేదో చూడండి. అంతకంటే తక్కువుంటే లోతున్న కాల్ అన్నమాట, మామూలు పద్ధతిలో దాటించి మళ్లీ వదిలేయండి. లాంగ్‌జంప్, సీ ప్లస్ ప్లస్ ఎక్సెప్షన్ వచ్చినప్పుడు అసలు రిటర్న్ అడ్రస్‌కే రారు, అందుకే జీడీబీ నెక్స్ట్ సమయంలో వాటి మీద కూడా కాపలా బ్రేక్‌పాయింట్లు పెడుతుంది. మీరు దీన్ని ప్రస్తుతానికి వదిలేయొచ్చు.

థ్రెడ్ల విషయం నిజంగా కష్టమైంది. పీట్రేస్ ప్రాసెస్ స్థాయిలో ఉండదు, ఒక్కో థ్రెడ్‌ని విడిగా ఆపాలి, విడిగా వదలాలి. ఒక థ్రెడ్‌ని బ్రేక్‌పాయింట్ దాటించడానికి అసలు బైట్ పెట్టిన ఆ కాస్త సమయంలో మిగతా థ్రెడ్లు నడుస్తూ ఉంటే, వాటిలో ఏదైనా ఆగకుండా జారిపోవచ్చు, ఎందుకంటే మెమరీ అందరికీ ఒకటే. సింపుల్ పరిష్కారం, ఆ ఒక్క స్టెప్ అయ్యేదాకా అందరినీ ఆపి ఉంచడం. జీడీబీకి ఇంకో దారి కూడా ఉంది, ఆ ఇన్‌స్ట్రక్షన్‌ని వేరే ఖాళీ చోటికి కాపీ చేసి అక్కడ స్టెప్ చేయించి, తర్వాత ఆర్‌ఐపీని సరిచేస్తుంది, సీసీని ముట్టుకోనే ముట్టుకోదు. ఆర్‌ఐపీ ఆధారంగా అడ్రస్ లెక్కేసే ఇన్‌స్ట్రక్షన్లని మాత్రం కాపీ చేసేటప్పుడే మార్చి రాయాల్సి ఉంటుంది.

యూజర్‌గా మీకు ఎక్కువ పనికొచ్చేది షెడ్యూలర్ లాకింగ్ సెట్టింగ్. మామూలుగా నెక్స్ట్ కొట్టినప్పుడు మిగతా థ్రెడ్లన్నీ కూడా కదులుతాయి, అందుకే ఒక లైన్ దాటేలోపు ఇంకో థ్రెడ్ బ్రేక్‌పాయింట్‌కి తగిలి స్క్రీన్ అక్కడికి గెంతుతుంది. లాకింగ్ పూర్తిగా ఆన్ చేస్తే ఆ ఒక్కటే కదులుతుంది, కానీ అది ఇంకో థ్రెడ్ పట్టుకున్న మ్యూటెక్స్ (ఒకసారికి ఒక థ్రెడ్‌కే దొరికే తాళం) కోసం ఆగితే ప్రోగ్రామ్ అలాగే నిలబడిపోతుంది. నేనైతే స్టెప్ అనే మధ్యస్థ ఎంపిక పెట్టుకోమంటాను: స్టెప్పింగ్ అప్పుడు ఒక్కటే, కంటిన్యూ అప్పుడు అందరూ.

నడుస్తున్న ప్రోగ్రామ్‌కి అటాచ్ అయ్యేటప్పుడు అది తరచుగా ఏదో సిస్టమ్ కాల్‌లో నిద్రపోతూ ఉంటుంది. వదలగానే చాలా కాల్స్‌ని కర్నెల్ తనే మళ్లీ మొదలుపెడుతుంది, నానోస్లీప్ అయితే మిగిలిన సమయానికే పడుకుంటుంది. ఈపోల్ వెయిట్ లాంటివి మాత్రం ఈఇంటర్ (కాల్ మధ్యలో ఆగిపోయిందనే) ఎర్రర్‌తో బయటికి రావచ్చు, దాన్ని పట్టించుకోని ప్రోగ్రామ్ డీబగ్గర్ తగలగానే ఎర్రర్ ప్రింట్ చేసి వెళ్లిపోతుంది. ఇంకోటి, అలా ఆగినప్పుడు మీరు ఆర్‌ఐపీ మార్చి వేరే చోటికి పంపాలనుకుంటే ఒరిగ్ ఆర్‌ఏఎక్స్‌ని (ఏ సిస్టమ్ కాల్‌లో ఉందో కర్నెల్ దాచుకునే విలువ) మైనస్ ఒకటి చేయండి. లేకపోతే కర్నెల్ సిస్టమ్ కాల్‌ని మళ్లీ నడిపించాలనుకుని, మీరిచ్చిన కొత్త ఆర్‌ఐపీలోంచి రెండు తీసేస్తుంది, సిస్కాల్ ఇన్‌స్ట్రక్షన్ పొడవు రెండు బైట్లు కాబట్టి. దీని సంగతి తెలియకపోతే రోజులు పోతాయి. ఇక కొత్తగా రాస్తున్నారు కాబట్టి పీట్రేస్‌లో అటాచ్ బదులు సీజ్ అనే రిక్వెస్ట్ వాడండి, లినక్స్ 3.4 నుంచి ఉంది. అటాచ్ ఒక సిగ్‌స్టాప్ పంపి ఆపుతుంది, సీజ్‌లో ఆ గందరగోళం లేదు, ఆపాలనుకున్నప్పుడు ఇంటరప్ట్ అడుగుతారు.

డిటాచ్ అయ్యేముందు పెట్టిన ప్రతి సీసీ తీసేయాలి. మీరు లేనప్పుడు అది తగిలితే వచ్చే సిగ్‌ట్రాప్‌ని పట్టుకునేవాళ్లు ఉండరు, ప్రోగ్రామ్ చచ్చిపోతుంది. ఫోర్క్‌లో (ప్రాసెస్ తన కాపీగా చైల్డ్ ప్రాసెస్‌ని పుట్టించడం) జరిగేది కూడా ఇదే, చైల్డ్‌కి పేరెంట్ మెమరీ కాపీతో పాటు మీ సీసీలు కూడా వెళ్తాయి కానీ మీ డీబగ్గర్ వెళ్లదు. షెల్‌లో "ట్రేస్ బ్రేక్‌పాయింట్ ట్రాప్" అని చైల్డ్ పోతుంటే ముందు ఇదే అనుమానించండి. ట్రేస్‌ఫోర్క్, ట్రేస్‌క్లోన్ ఆప్షన్లు పెట్టుకుని, చైల్డ్ ఆగినప్పుడు దాన్లోని బైట్లు సరిచేసి వదిలేయండి.

చివరగా, జీడీబీ ఏం చేస్తోందో కళ్లతో చూడాలంటే సెట్ డీబగ్ ఇన్‌ఫ్రన్ ఆన్ అని కొట్టి నెక్స్ట్ నొక్కండి, ఎవరిని స్టెప్ చేస్తోంది, ఏ సిగ్నల్‌తో వదులుతోంది, ఆగాక ఎందుకు మళ్లీ కదిలించింది అన్నీ ప్రింట్ అవుతాయి. ఒక్కటి మాత్రం తెలిసి ఉండండి: ప్రోగ్రామ్ ఆగి ఉన్నప్పుడు మెమరీలో సీసీ కోసం వెతికితే దొరకదు. డిఫాల్ట్‌గా అన్ని థ్రెడ్లూ ఆగగానే జీడీబీ తన బ్రేక్‌పాయింట్లన్నీ తీసేసి, వదిలేముందు మళ్లీ పెడుతుంది, పైగా పెట్టి ఉన్నప్పుడు కూడా మెమరీ చూపించే కమాండ్‌లో అసలు బైటే చూపిస్తుంది. ప్రోగ్రామ్ నడుస్తూ ఉండగా ఇంకో టెర్మినల్ నుంచి, రూట్‌గా, ప్రాక్ కింద దాని మెమ్ ఫైల్‌లో 401136 చదవండి, 55 బదులు సీసీ కనిపిస్తుంది.

పైన చెప్పిన వెనక్కి జరపడం, దాటించడం పెట్టాక ఎండ్‌బీఆర్ లేకుండా, అంటే సీఎఫ్ ప్రొటెక్షన్ నన్ ఫ్లాగ్‌తో కంపైల్ చేసి, 401136 దగ్గర, 401137 దగ్గర, ఒక లూప్ మధ్యలో, మూడు చోట్లా పరీక్షించండి. అప్పటికీ పోతుంటే ఆగిన ప్రతిసారీ వెయిట్‌పిడ్ స్టేటస్, ఆర్‌ఐపీ, ఎస్‌ఐ కోడ్ ప్రింట్ చేసి ఆ అవుట్‌పుట్ ఇక్కడ పెట్టండి, చూస్తాను.